అందరి ఫోన్లూ ఒకేసారి

ఖలందర్ అన్న రిసీవరు చెవికి పెట్టుకొని విని, ఏమీ అనకుండా కింద పెట్టాడు. అంటే ఫోను పోయింది. అంటే అక్కడ ఫ్యాక్టరీ ఎక్స్ఛేంజి గదిలో అమ్మ పాత మిషన్‌ను ఆపేసింది, హైదరాబాదు సారు కొత్త సాఫ్టువేరు ఎక్కించడం మొదలుపెట్టి ఉంటాడు, ఇంక గంటసేపు ఫ్యాక్టరీలో, సున్నపురాయి గనిలో, పైగేటులో, కిందగేటులో ఒక్క ఫోనూ మోగదు, ఆ గంటసేపూ నేను ఇక్కడ పైగేటు లారీల ఆఫీసులో, ఈ నాపరాయి బండమీద కూచోవాలి. కాళ్ళు కదపకూడదు. కదపొద్దని ఎవరూ చెప్పలేదు, కానీ నా ఎడమకాలి పక్కన తడి గోతం కప్పిన బకెట్టు ఉంది, గోతం కింద నుంచి ఊక కొంచెం నేలమీద రాలింది, ఊకలో పెట్టి ఏం దాస్తారో మా పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాలు కొంచెం లోపలికి లాక్కున్నాను. లాక్కుంటే మద్దిలేటి మామ చూశాడు. మద్దిలేటి మామ ఈ గేటులో పెద్దాయన మనిషి, లారీలు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఆయన చెప్తాడు, ఖలందర్ అన్న రాసుకుంటాడు. నన్ను చూసి మామ నవ్వాడు, మంచి నవ్వే, మా ఇంటికి వచ్చినప్పుడు నవ్వే నవ్వే. "బయపడొద్దు పాపా, అది మనల్నేం చెయ్యదులే. నిద్రపోతాంటాది," అన్నాడు. నిద్రపోతున్న దాని పక్కన కూచుంటే ఇంకా భయం. లేపేది నేనే అవుతానేమో.

పూచీ మనిషి అంటారు నన్ను ఈ గంటసేపు. ఇట్లాంటిది ఒకటి ఉందని నాకు తెలుసు గానీ ఆడపిల్లను కూచోబెడతారని తెలీదు. రాజీ మాటలకు రెండు పార్టీలు ఎక్కడన్నా కలవాలంటే ముందు వీళ్ళ మనిషి వాళ్ళింట్లో, వాళ్ళ మనిషి వీళ్ళింట్లో పోయి కూచుంటాడు, మాటలు అయిపోయిందాకా వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళు చూపించిన చోట పడుకొని, ఎవరిదన్నా మాట తప్పితే వాడి ఖర్మ. మా గనికి రెండు గేట్లు. పైగేటు లారీలన్నీ ఒక పెద్దాయనవి, కిందగేటు లారీలన్నీ ఇంకో పెద్దాయనవి, ఇద్దరికీ పడదు, పడదు అనేది చిన్నమాట, పార్టీలు వేరు, జెండాలు వేరు, వచ్చే నెల ఎలక్షన్లు. కంపెనీ వాళ్ళు రాయి తోలే పని చెరిసగం పంచి, ఒకరి లారీ ఇంకొకరి గేటు తొక్కకుండా పెట్టుకున్నారు. ఇద్దరి మధ్యా తిరిగేది మాట ఒక్కటే, ఆ మాట ఎక్స్ఛేంజిలో ఫోన్లు కలిపే మా అమ్మ గుండా తిరుగుతుంది. కిందోళ్ళు ఏమంటాండారు దేవకుమారమ్మా అని పైగేటు అడుగుతుంది, సరేనంటాండారప్పా అని అమ్మ చెప్తుంది. పైనోళ్ళు ఏమన్యారు దేవకుమారమ్మా అని కిందగేటు అడుగుతుంది, మీరెట్లంటే అట్లనంట అని అమ్మ చెప్తుంది. మధ్యలో తిట్లుంటాయి, అవి తీసేసి మిగిలింది చెప్తుంది. ఒక్కోరోజు తిట్లు తీసేస్తే ఏమీ మిగలదంట, అప్పుడు తనే ఏదో ఒకటి కలుపుతుందంట. ఇంటికొచ్చి ఆ తిట్లన్నీ ఎవరికీ చెప్పకుండా అన్నం కలుపుకొని తింటుంది.

నాయన కిందగేటులో ఉన్నాడు. కంపెనీ వాచ్‌మన్ కాబట్టి రోజూ అక్కడే ఉంటాడు, కానీ ఈరోజు ఉండేది వాచ్‌మన్‌గా కాదు. నేను ఇక్కడ ఎట్లనో నాయన అక్కడ అట్ల. అమ్మ మాట తప్పి, మోసం చేసి, ఒక గేటు ఫోను చంపి ఇంకో గేటు ఫోను బతికించిందనుకుంటే, చచ్చిన ఫోను దగ్గర అమ్మ మనిషి ఒకరు ఉంటారు, అది నేనైనా కావచ్చు, నాయనైనా కావచ్చు. అట్ల కుదిర్చింది అమ్మే. ఎవరో అడిగితే సరే అని ఉంటే నేను దాన్ని ఇన్నిసార్లు తలుచుకునేదాన్ని కాదు.

గోడమీద గడియారం ఉంది గానీ నేను చూడట్లేదు. చూస్తే తొందరగా ఉందని అనుకుంటారు. క్యాలెండరు చూస్తున్నాను, క్యాలెండరులో పెద్దాయన దండం పెడుతున్నాడు. దండం పెడుతున్న చేతులు చూస్తుంటే వాటి గురించి విన్నవన్నీ గుర్తొస్తున్నాయి, అందుకని అది కూడా వదిలేసి గడపవైపు చూస్తున్నాను, గడప అవతల ఎండ, తెల్లటి సున్నపు దుమ్ము, ఆగిపోయిన లారీలు. మిద్దెమీద ఒక మనిషి నడుస్తున్నాడు. ఆ మనిషి ముఖం నేను చూడలేదు, అడుగులు మాత్రం తెలుసు, ఇటు కొసకు వచ్చి కాసేపు ఆగి మళ్ళీ అటు పోతాడు. కిందగేటు దారి ఆ ఇటు కొసనుంచి కనపడుతుంది.

హైదరాబాదు సారు మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఉగ్గాని పెట్టింది. జమ్మలమడుగు లాడ్జిలో తిండి పడక కడుపు పట్టుకున్నాడు పాపం, రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు. పాత మిషన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, మాట్లాడుతుంటే మధ్యలోనే అందరి లైన్లూ మూగపోతాయి, మళ్ళీ ఆపి వేస్తేగానీ లేవదు, ఎలక్షన్ల లోపల దాన్ని బాగుచెయ్యకపోతే ఏదో ఒకరోజు అదే కొంప ముంచుతుందని మేనేజరుకు భయం. సారు ప్లేటు పక్కన పెట్టి రెండు మార్గాలున్నాయమ్మా అన్నాడు. ఒకటి, పాతదాని పక్కనే కొత్త మిషన్ పెట్టి కొన్ని కొన్ని ఫోన్లు అటు మార్చుకుంటూ పోవడం, ఈరోజు ఒక సగం, వారం తర్వాత ఇంకో సగం, ఏదన్నా తప్పు జరిగినా సగానికే జరుగుతుంది, నిదానం, క్షేమం. రెండోది, ఉన్న మిషన్‌లోనే అంతా ఆపేసి కొత్తది ఎక్కించడం, గంటలో అయిపోతుంది, కానీ ఆ గంటా ఎవరికీ ఫోను ఉండదు, ఎక్కకపోతే వెనక్కి తెచ్చుకోడానికి ఇంకా టైము పడుతుంది. నేనైతే మొదటిదే చేస్తాను, మా వాళ్ళంతా అదే చేస్తారు, అన్నాడు. అమ్మ కూడా మొదటిదే మంచిది సార్ అంది. నిదానంగా చేసేది ఏదైనా అమ్మకు మంచిదే. అప్పుడు నేను తలుపు వెనక నిలబడి నీళ్ళ చెంబు పట్టుకొని ఉన్నాను, సారుకు ఇవ్వాలని, ముందుకు పోవడానికి సిగ్గుపడి. నిదానం, క్షేమం అనే మాటలు విని నాకు కూడా నెమ్మది అనిపించింది.

తప్పు అక్కడే జరిగింది. మర్యాదకని అమ్మ పైగేటుకు ఫోను చేసి ముందు మీ ఫోన్లే కొత్తదాంట్లోకి మారుస్తామప్పా అని చెప్పింది. ముందు అంటే పైగేటు వాళ్ళకు ఎంత సంతోషమో, కొబ్బరికాయ కొట్టి మిఠాయి పంచుకున్నారంట. సాయంత్రానికి కిందగేటుకు తెలిసి, నాయనను పిలిచి, ఏందప్పా జయరాజూ, మీ యాడదానికి మేము రెండోవాళ్ళమా అన్నారంట, నాయన ముఖం ఎట్లా పెట్టుకొని ఇంటికి వచ్చాడో నేను చూశాను. సరే అని అమ్మ కిందగేటుకు ముందు అంది. అంతలో సారు ఎవరితోనో, మార్చే పూట ఆ సగం ఫోన్లు పనిచెయ్యవు అని చెప్పాడు, ఆ మాట రెండు గేట్లకూ చేరింది. ముందు అంటే ముందు మూగపోవడం అని తెలిసేసరికి ఇద్దరూ వెనక్కి తగ్గారు, వాళ్ళకే ముందు కానీ అంటే వాళ్ళకే కానీ అన్నారు. మా ఫోను చచ్చి వాళ్ళ ఫోను బతికున్న పూట ఏం జరుగుతాదో మాకు తెలీదా దేవకుమారమ్మా అని మద్దిలేటి మామే అన్నాడు. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గోడకు ఆనుకొని కూచుంది. మొదటి మాటే తప్పు మాట అయిపాయె, ముందు వెనకాల అనే మాటే నా నోట్లోంచి రాకూడదు, అంది. ఆ తర్వాతే రెండో మార్గం. అందరివీ ఒకేసారి. సారుకు అది ఇష్టం లేదు, పోతే మొత్తం పోతుందమ్మా అన్నాడు, అది ఆయన చెప్పింది నిజమే, అమ్మకూ తెలుసు నిజమేనని. మొత్తం పోయినా పరవాలేదు సార్, సగం పోగూడదు, అంది అమ్మ. ఎవరు చెప్పింది సరైందో ఇప్పటికీ నాకు తెలీదు. ఈ గంట అయితే తెలుస్తుంది.

ఫోను పోతే ఏమవుతుందో పాలయ్య తాతను చూసినవాళ్ళకు తెలుసు. పోయినసారి ఎలక్షన్లప్పుడు ఒక కంకర లారీ వెనక కంకర పోసే డాల పైకెత్తుకొనే పోయి ఫోను తీగ తెంపింది, అంతే, ఇంకేం లేదు, తీగ తెగిందంతే. ఇక్కడ కొట్లాటకు వచ్చేవాళ్ళు ముందు తీగ కోసి వస్తారు. అందుకని ఫోను మూగపోతే ఫోను పాడయిందని ఎవరూ అనుకోరు. వచ్చాండారు అనుకుంటారు. అప్పుడే పాలయ్య తాత చర్చికి నీళ్ళు తోలే ట్రాక్టరు వేసుకొని వస్తున్నాడు, ఆదివారం బాప్తిస్మాలున్నాయి, తొట్టి నింపాలి. ట్రాక్టరు చప్పుడు వినగానే గోడమీంచి నాటుబాంబు వేశారు. తర్వాత అయ్యో పాలయ్యా నువ్వా అని ఏడ్చింది కూడా వాళ్ళే, జీపులో వేసుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి పరుగెత్తింది కూడా వాళ్ళే. తాత బతికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా లేదు. వందనాలు అన్నప్పుడు ఇప్పటికీ రెండు చేతులూ కలపబోతాడు. నాకు అది చూడడం చేతకాక ప్రార్థన అయిపోగానే పక్క తలుపులోంచి బయటికి వచ్చేస్తాను.

"ఏం పాపా, సదువుకుంటాండావా?" ఖలందర్ అన్న అడిగాడు. తలాడించాను. "ఏం సదువు?" పది అని నోరు తెరిచాను గానీ గాలి వచ్చింది, మాట రాలేదు. "ఈ పాప మాట్లాడితే దుడ్లు పోతాయేమో మామా," అన్నాడు ఖలందర్ అన్న. మద్దిలేటి మామ నవ్వి, "వాళ్ళమ్మ అందరి మాటలూ మాట్లాడతాది గదప్పా, ఇంట్లో ఈ పాపకు మిగిలిండవు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాలేమో అనుకొని నవ్వాను. మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాలా వద్దా. వాళ్ళు పెట్టింది తినాలి, అది పద్ధతి, తినకపోతే నమ్మలేదని అర్థం. తాగాను. మజ్జిగలో అల్లం, పచ్చిమిరపకాయ, బాగుంది, భయంగా ఉన్నప్పుడు కూడా నాలుకకు రుచి తెలుస్తుందని నాకు తెలీదు, దానికి సిగ్గేసింది.

మాట రాకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది గానీ గట్టిపడింది పులివెందుల బస్సులో. వేముల దగ్గర మా అవ్వ దీవెనమ్మ ఊరికి పోయి పులివెందులలో బస్సెక్కి ఒక్కదాన్నే తిరిగి వస్తున్నాను, ఎర్రగుట్ట మలుపులో బస్సు ఆపించి తువ్వాళ్ళు చుట్టుకున్నవాళ్ళు ఎక్కారు. ఎవరికోసమో వెతుకుతున్నారు. ఒక్కొక్కరినీ ఏ ఊరు అని అడుగుతూ వస్తున్నారు. ఏ ఊరంటే ఏ పార్టీ అని. నా దగ్గరికి వచ్చేసరికి మా ఊరి పేరు నాకు తెలీకుండా పోయింది, నిజంగానే, అక్షరాలు కూడా గుర్తులేవు. పక్క సీట్లో కూచున్న అఖ్తర్ బీ అనే ఆమె, అంతకుముందు నాకెవరో కూడా తెలీదు, "నా బిడ్డే సామీ, దీనికి మాటలు రావు," అంది. వాళ్ళు దాటిపోయారు. వెనక సీటునుంచి ఒకర్ని దింపారు. బస్సు మళ్ళీ కదిలింది, ఎవరూ వెనక్కి చూడలేదు, కండక్టరు టికెట్లు కొడుతూనే ఉన్నాడు. ఆమె దిగేదాకా నేను మూగదానిలాగే కూచున్నాను, ఆమెను అబద్ధాలకోరును చెయ్యకూడదని. దిగిన తర్వాత కూడా అట్లనే కూచున్నాను. ఆ రోజు డైరీలో బస్సు ఆలస్యంగా వచ్చింది అని మాత్రం రాశాను.

అమ్మకు మాత్రం గొంతే అన్నం పెట్టింది. పెళ్ళికి ముందు ప్రొద్దుటూరులో నూనె మిల్లు ఆఫీసులో ఫోన్లు కలిపే పని నేర్చుకుంది, నేర్పింది శాంతకుమారి అనే ఆమె, బొట్టు పెట్టుకొని తెల్లారే పూజ చేసుకొని వచ్చేదంట, అమ్మ చర్చికి పోయేదని ఎప్పుడూ తేడా చూడలేదంట. ఫోనులో నీ గొంతుకు ఊరుండకూడదు, కులముండకూడదు, ఎవరికి వాళ్ళ మనిషిలాగా వినపడాల అని చెప్పిందంట. అట్లనే వినపడుతుంది అమ్మ. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి ఆ గొంతుతోనే మాట్లాడుతుంది, అప్పుడు నాకు ఎవరి మనిషో అర్థంకాదు. మొన్న ఆ గొంతుతోనే చెప్పింది. అన్నం గంజి వారుస్తూ, గిన్నెమీద మూత రెండు చేతులా అదిమి పట్టుకొని, ఆవిరి ముఖానికి కొడుతుంటే ముఖం పక్కకు తిప్పుకొని చెప్పింది, కాబట్టి నన్ను చూడలేదు. ఇద్దరూ వాళ్ళ మనిషిని ఇచ్చేదానికి ఒప్పుకోలే పాపా, నా మనుషుల్నే పెడతానని చెప్పినా, నాయన ఆడ ఉండాడు, నువ్వు పైగేటులో కుచ్చోవాల, ఒక గంట. నేను ఏమీ అనలేదు. గంజి వారిపోయింది. అనకపోతే సరే అన్నట్టేనని అమ్మ అనుకుంది, అందరూ అట్లనే అనుకుంటారు. ఈ పొద్దున అమ్మ నా జడ వేసింది, నేను పెద్దదాన్నయ్యాక ఎప్పుడూ వెయ్యలేదు, గట్టిగా లాగి వేసింది, నొప్పి పుట్టినా నేను ఊ అనలేదు. ఇప్పటికీ తలమీద ఆ బిగువు ఉంది. అమ్మకు తెలుసా ఈ బకెట్టు సంగతి. తెలిసి పంపిందా. తెలీకుండా ఉంటుందా, అందరి మాటలూ అమ్మ గుండానే పోతాయి కదా. తెలిసే పంపింది. నాయనను కూడా తెలిసే పెట్టింది. ఇద్దర్నీ తక్కెడ చెరొక తట్టలో పెట్టి నడుమ ముల్లు దగ్గర కూచుంది అమ్మ, ముల్లు కదలకూడదని ఊపిరి బిగబట్టి. కోపం వస్తోంది, కానీ కోపం వచ్చినప్పుడల్లా దాని వెనకనే అమ్మ ఆ గదిలో ఆ మిషన్ ముందు ఎట్లా కూచుని ఉంటుందో కనపడుతోంది, అరచేతులు చీరకు తుడుచుకుంటూ.

ప్రార్థన చేసుకుందామనుకున్నాను. పరలోకమందున్న అనే దగ్గరే ఆగిపోతోంది. అక్కడికి ఎక్కడం రావట్లేదు.

ఖలందర్ అన్న రిసీవరు ఎత్తాడు. పెట్టాడు. ఇంకోసారి ఎత్తాడు. మద్దిలేటి మామ గడియారం చూశాడు, ఇప్పుడు నేను కూడా చూశాను, గంట దాటింది. కొంచెమే దాటింది. కొంచెం దాటడం మామూలే కదా, బస్సులు దాటవా, అన్నం ఉడకడం దాటదా. సారు చెప్పాడు కదా ఎక్కకపోతే వెనక్కి తెచ్చుకోడానికి టైము పడుతుందని, ఎక్కలేదేమో, వెనక్కి తెస్తున్నారేమో. ఆ సంగతి వీళ్ళకు చెప్పాలి. అమ్మ చెప్పిందో లేదో. గంట అని మాత్రమే చెప్పి ఉంటుంది. వీళ్ళకు గంట అంటే గంటే. చెప్పాలి, నోరు తెరవాలి, మామా, కొంచెం లేటయితే మిషన్ వెనక్కి పెడతాండారని అర్థం, అంతే, ఇంత మాటే, మనసులో చక్కగా వస్తోంది, బయటికి రావట్లేదు. మాటలన్నీ లోపలే వరుసగా నిలబడ్డాయి, ఆగిపోయిన లారీల్లాగా.

మిద్దెమీద అడుగులు ఆగాయి. ఇటు కొసన ఆగాయి. "మామా, కిందగేటు దోవలో దుమ్ము లేచ్చాంది," అన్నాడు పైనుంచి.

"ఏం బండి?"

"జీపు మాదిరి ఉండాది. నిదానంగా వచ్చాంది."

ఎవరూ అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. అరిస్తే బాగుండేది. ఖలందర్ అన్న పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మద్దిలేటి మామ వచ్చి వంగి బకెట్టు అందుకున్నాడు, నా కాలికి తగలకుండా, నిండు పాల బిందె ఎత్తినట్టు, జాగ్రత్తగా ఎత్తి గడప దగ్గర పెట్టాడు. గోతం తీశాడు. నేను చూడలేదు. చూడకుండా గోడమీద సున్నం పెచ్చు చూశాను, అది గుర్రంలాగా ఉంది, గుర్రానికి మూడే కాళ్ళు. నిదానంగా వచ్చే జీపు ఎందుకు వస్తుంది. వాళ్ళకు కూడా గంట దాటింది. వాళ్ళ ఫోను కూడా మూగగా ఉంది. పైనోళ్ళ ఫోను బతికి మాది చచ్చిందేమో అని వాళ్ళు కూడా అనుకుంటున్నారు, ఇక్కడ వీళ్ళు అనుకుంటున్నదే అక్కడ వాళ్ళూ, ఒకే మాట రెండు చోట్లా, మధ్యలో దాన్ని అటూ ఇటూ చేర్చే గొంతు లేదు.

"మీ నాయన ఆడనే ఉండాడు గదా పాపా?" మామ అడిగాడు. తలాడించాను. ఆయన కాసేపు నన్ను చూశాడు. నన్ను చూస్తున్నట్టు లేదు, నా ఎత్తు చూస్తున్నట్టు ఉంది. "లేయి. పోయి బయట ఆ గేటు కాడ నిలబడు. వాళ్ళకు కనపడల్ల నువ్వు." అదే గొంతు, మజ్జిగ తాగు పాపా అన్న గొంతే.

లేచాను. కాళ్ళు లేచాయి. చెప్పులు గడప దగ్గర ఉన్నాయి, బకెట్టు పక్కన, అవి తొడుక్కోవాలంటే వంగాలి, వద్దు, వదిలేసి ఎండలోకి వచ్చాను. దుమ్ము కాలుతోంది. గేటు ఇనుప గొట్టం అడ్డం వేసి ఉంది, దాన్ని పట్టుకొని నిలబడ్డాను, ఇనుము కాలింది, వదల్లేదు. వెనక నాలుగు కళ్ళున్నాయి, మిద్దెమీద ఇంకో రెండు, ముందర దారి, తెల్లగా, పొడుగ్గా, దారి కొసన దుమ్ము, దుమ్ములో నల్లగా జీపు. నేను ఎంత సన్నంగా ఉంటానో అనుకున్నాను. మా క్లాసులో వరుసలో నేనే ముందు నిలబడేది. నా వెనక ఎవరూ దాక్కోలేరు, మామకు ఆ సంగతి తెలీదు. జీపు వస్తోంది. ఆగుతుందా. ఆగకపోతే నేను పరుగెత్తాలా, ఏ పక్కకు, ఏ పక్కకు పరుగెత్తినా వేసేవాళ్ళకు నేను అడ్డం. వీపు చల్లగా అయిపోయింది, ఇంత ఎండలో. వాళ్ళు వేస్తే ముందు చప్పుడు వినపడుతుందా, ముందు తగులుతుందా, పాలయ్య తాతను అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

జీపు ఆగింది. ఇంకా దూరంలోనే, లారీలు తిప్పుకునే చోట ఆగింది. దుమ్ము దాన్ని దాటి ముందుకు వచ్చి కిందికి దిగింది. అప్పుడు కనపడింది, ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ఖాకీ చొక్కా, టోపీ లేదు. నాయన.

నాయనను కూడా ముందు పెట్టుకొని వచ్చారు.

ఆయన కదల్లేదు, నేను కదల్లేదు. చెయ్యి ఊపితే ఏమనుకుంటారో. నాయనా అని పిలవాలని ఉంది, పిలిస్తే ఆయన దిగుతాడు, దిగితే వెనకున్నవాళ్ళు ఏం చేస్తారో, నా వెనకున్నవాళ్ళు ఏం చేస్తారో. నాయన కూడా అదే అనుకుంటున్నాడని అంత దూరం నుంచి నాకు తెలుస్తోంది, ఆయన భుజాలు అట్లా ఉన్నాయి. మేమిద్దరం ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడుకోము. తిన్నావా అంటాడు, ఊ అంటాను. ఇప్పుడు ఆ దారంతా మా ఇద్దరి మధ్య ఖాళీగా ఉంది, ఒక్క మాట పడితే పేలేటట్టు ఉంది. నేను కళ్ళార్పకుండా చూశాను, కళ్ళు నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు, చెయ్యి లేపినట్టు ఉంటుందని.

వెనక గదిలో ఫోను మోగింది.

కొత్త మోత. పాతదానిలాగా గంట కొట్టినట్టు లేదు, పిట్ట కూసినట్టు ఉంది, అందుకని ముందు ఎవరికీ అది ఫోనని తెలీలేదు. రెండోసారి మోగాక ఖలందర్ అన్న పరుగెత్తిన చప్పుడు. "వచ్చింది మామా. దేవకుమారమ్మ. కిందోళ్ళకు కూడా వచ్చిందంట." మిద్దెమీది మనిషి తువ్వాలు విప్పి గాలిలో ఊపాడు. చాలాసేపు ఊపాడు. జీపు వెనక్కి తిరగడానికి కదిలింది, తిరిగేటప్పుడు నాయన ముఖం నా వైపు వచ్చి మళ్ళీ పోయింది. అప్పుడు గొట్టం వదిలాను. అరచేతిలో ఎర్రగా గీత పడింది.

గడప దగ్గరికి వచ్చేసరికి బకెట్టుమీద గోతం మళ్ళీ కప్పేసి ఉంది. మద్దిలేటి మామ ఫోనులో మాట్లాడుతున్నాడు, గొంతు సంతోషంగా ఉంది, చెమట తుడుచుకుంటున్నాడు. "కొంచెం లేటయితే ఏమమ్మా, అయిపోయింది గదా. ఆఁ. ఆఁ, శానా బాగా వినపడతాంది, పక్కన కుచ్చోని మాట్లాడినట్టు ఉండాది. మీ పాప నెమ్మదిగల్లది దేవకుమారమ్మా, పల్లెత్తు మాట అన్ల్యా, నిలబడమంటే నిలబడ్న్యది, మొగోళ్ళు కూడా అట్ల నిలబడరు. పెద్దాయనతో చెప్తా నేను. ఎలక్షన్లల్లో మనకు ఇట్లాంటివి ఇంగా వచ్చాంటాయి. వచ్చినప్పుడు ఈ పాపనే పంపియ్యల్ల నువ్వు, మాకు ఇంగెవరూ వద్దు. సరేనా?" విన్నాడు. నేను ఆయన చెవి దగ్గరి రిసీవరును చూస్తున్నాను. "సరేనా అంటాండా," అన్నాడు మళ్ళీ. మళ్ళీ విన్నాడు. "సరే సరే, పాపకు ఇస్తా," అని నా వైపు చాచాడు.

చెవికి పెట్టుకున్నాను. రిసీవరు ఆయన చెంప చెమటతో తడిగా ఉంది. అవతల అమ్మ ఊపిరి. ఊపిరి వెనక మిషన్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దాని వెనక హైదరాబాదు సారు ఎవరినో నీళ్ళు అడుగుతున్నాడు. అంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు ఏ ఫోనూ. "పాపా," అంది అమ్మ. అది ఫోను గొంతు కాదు. "ఆయప్ప అడిగిన దానికి నాకు వినపళ్ళేదని చెప్పినా. రెండుసార్లూ అట్లనే చెప్పినా. ఏమీ ఒప్పుకోలే నేను. నువ్వు లేచి వచ్చెయ్. పరుగెత్తొద్దు."

ఊ అన్నాను. పెట్టేశాను. చెప్పులు తొడుక్కున్నాను, ఎడమది కుడికి, మళ్ళీ మార్చుకున్నాను. గడప దాటాను. లారీ వాళ్ళు ఇంజన్లు వేస్తున్నారు, మళ్ళీ దుమ్ము లేస్తోంది. ఖలందర్ అన్న అడుగుతున్నాడు, "ఏమనింది మామా ఆయమ్మ?" మద్దిలేటి మామ చెప్తున్నాడు, నవ్వుతూ, "ఏమంటాది, సరే అనింది. రేపు పెద్దాయనకు చెప్పి ఈ పాపను మన లెక్కలో రాపిచ్చల్ల."

అక్కడే ఆగిపోయాను. పోతే ఇప్పుడు పోవచ్చు, దారి ఉంది, ఎండ ఉంది, ఇల్లు ఉంది. రేపు పెద్దాయనకు చెప్తాడు. పెద్దాయనకు చెప్పింది ఇంక మారదు. నేను ఏమీ అనకుండా పోతే సరే అన్నట్టే. వెనక్కి తిరిగాను. ఇద్దరి ముఖాలూ చూడలేక మద్దిలేటి మామ చొక్కా గుండీ చూశాను.

"అనలేదు," అన్నాను.

"ఏంది పాపా?"

"మా అమ్మ సరే అనలేదు."

నా గొంతు ఎట్లా ఉంటుందో వాళ్ళకు అప్పుడే తెలిసింది, నాకు కూడా దాదాపు అప్పుడే. మద్దిలేటి మామ నవ్వు అట్లనే ఉంది, కానీ కళ్ళలోంచి పోయింది. ఖలందర్ అన్న జేబులోంచి పెన్ను తీసి, దానితో ఏం చెయ్యాలో తెలీక, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. మిద్దెమీద అడుగులు ఆగిపోయాయి. ఎవరన్నా పొమ్మంటారని చూశాను, గుండీనే చూస్తూ. ఎవరూ పొమ్మనలేదు. నేనే నడిచాను.